దెబ్బతిన్న విమానాన్ని బోర్డు మీద నుంచి తీసేయాలా, ఉంచాలా?

బురుజు_కర్నూలు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కర్నూలులో మా మేడ మీద గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం విమాన యుద్ధం ఆట ఆడుకుంటాం. రూల్స్ మేమే రాసుకున్నాం, ఇప్పటికీ మారుస్తూనే ఉన్నాం. ఆరు మూలల గళ్లు ప్రింటు చేయించిన ఫ్లెక్స్, అట్టముక్కల విమానాలు, రెండు లూడో పాచికలు. ఎత్తు చూపడానికి ఒక్కో స్టాండు కడ్డీకి నట్లు ఎక్కిస్తాం. నాలుగు నట్లుంటే నాలుగో ఎత్తు అన్నమాట.

ఒక్కో విమానానికి పది డ్యామేజ్ గళ్లు ఉంటాయి. ఆరు నిండితే అది పనికిరాకుండా పోయినట్టు లెక్క, వెంటనే బోర్డు మీద నుంచి తీసేస్తాం. కొట్టినవాళ్లకు పూర్తి పాయింట్లు.

మొన్నటి ఆదివారం బోయ్రా పోరు పెట్టాం. 1971 నవంబర్ 22న తూర్పు సరిహద్దు దగ్గర మన గ్నాట్ యుద్ధ విమానాలు, పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలు తలపడిన పోరు. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. వాడు వారం రోజుల నుంచి ఎదురుచూసి సేబర్ తీసుకున్నాడు. రెండో టర్న్‌లోనే నేను కొట్టాను, ఆరు గళ్లూ నిండాయి, విమానం తీసేశాం. ఆట మొదలై ఇరవై నిమిషాలు కూడా కాలేదు. మిగిలిన రెండు గంటలు పక్కన కూర్చుని చూశాడు. ఏడవలేదు, అలగలేదు. లేచి వెళ్లేటప్పుడు ఒక్క మాట అడిగాడు. "మామా, నా విమానానికి ఏమైంది? ఇంజన్ ఆగిందా, రెక్క విరిగిందా?"

నా దగ్గర జవాబు లేదు. మా రూల్‌లో ఆరు గళ్లు నిండాయి అనే తప్ప ఇంకేం లేదు. అప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది. మీరంతా ఇలాంటి విమానాలను ఏం చేస్తున్నారు?

ప్రొద్దుటూరు_పాచిక
ఆదివారం, రాత్రి 10:05

మేమూ తీసేస్తాం అన్నా. తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. మేం ఒక్కోసారి పది, పన్నెండు విమానాలతో ఆడతాం. అందులో నాలుగు దెబ్బతిని బోర్డు మీదే దేకుతుంటే ఒక్కో టర్న్ పావుగంట పడుతుంది. పైగా ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒకసారి ఉంచి చూశాం. ఒకాయన "ఎలాగూ పోయేదే కదా" అని దెబ్బతిన్న విమానాన్ని తెచ్చి నా విమానానికి గుద్దించాడు. ఇంకొకాయన దాన్ని అడ్డం పెట్టుకుని వెనక దాక్కున్నాడు. అప్పుడు విమానం ఆట కాస్తా ఎడ్లబండ్ల పందెంలా తయారైంది. బాబు బాధ అర్థమైంది, కానీ వాడికి ఇంకో కొత్త విమానం ఇచ్చేస్తే సరిపోతుంది కదా.

బురుజు_కర్నూలు
ఆదివారం, రాత్రి 10:20

కొత్త విమానం ఇవ్వడం కూడా ఆలోచించాను. కానీ వాడు అడిగింది కొత్త విమానం కాదు, పాతదానికి ఏమైందని.

పెన్నా_గట్టు
ఆదివారం, రాత్రి 10:48

తాడిపత్రి నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, వీధిలో ఇంకో నలుగురు పిల్లలు ఈ ఆట ఆడతారు, నేను రూల్స్ చూస్తాను.

పులి-మేక ఆట గుర్తు తెచ్చుకోండి. మేక చస్తే బోర్డు మీద నుంచి తీసేస్తాం. పులి కట్టుబడితే తీసేయం, అక్కడే ఉంటుంది. దానికి కదలిక లేదు, కానీ దాన్ని కట్టి ఉంచడానికి మేకలు అక్కడే నిలబడాలి. ఒక్క మేక పక్కకు జరిగితే పులి లేస్తుంది. గుడి అరుగుల మీద గీసిన ఆ ఆటలో మన పెద్దవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. దెబ్బతిన్న విమానం నా లెక్కలో మేక కాదు, కట్టుబడిన పులి. దాన్ని వదిలేస్తే ఇంటికి పోతుంది, వెంటపడితే మన విమానం ఒకటి ఆ పనికే అంకితమైపోతుంది. ఆ రెండింట్లో ఏది చేయాలన్నదే ఆటలో అసలు ఆలోచన. తీసేస్తే ఆ ఆలోచనే పోతుంది.

ప్రొద్దుటూరు తమ్ముడు చెప్పిన టైమ్ ఇబ్బంది మాత్రం నిజమే. మా పిల్లలు కాగితం మీద లెక్కలు రాయడం రెండో టర్న్‌కే మానేస్తారు. రూల్ ఏదైనా సరే, బోర్డు మీద కంటికి కనిపించాలి, పుస్తకంలో ఉండకూడదు.

ఆదోని_అబ్బాయి
ఆదివారం, రాత్రి 11:15

నేను అనంతపురం హాస్టల్‌లో ఉంటూ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా రూమ్‌లో వాడే పద్ధతి ఇది. విమానం దెబ్బతింటే ప్రతి టర్న్ మొదట్లో ఒక పాచిక వేస్తాం. 1 పడితే కూలిపోతుంది. లేకపోతే మామూలుగా ఆడొచ్చు. సింపుల్‌గా ఉంటుంది.

ఇంకొకటి, కంటికి కనిపించాలన్నారు కదా అక్కా. మాది ఆదోని, పత్తికి కొదవ లేదు. దూదికి నల్ల ఇంకు పూసి విమానం తోకకు చుడతాం. పొగ వస్తున్నట్టే ఉంటుంది. కాగితం అవసరం లేదు.

ఏడురోడ్లు_కడప
సోమవారం, ఉదయం 6:30

దూది ఆలోచన చాలా బాగుంది తమ్ముడూ. పాచిక విషయంలో మాత్రం ఒక లెక్క చెప్తాను. నేను లెక్కల మాస్టారిని, ఇలాంటివి చూస్తే చేయి ఊరుకోదు.

ఒక పాచికతో 1 పడితే కూలడం అంటే ప్రతి టర్న్ ఆరింట ఒక వంతు ప్రమాదం. వినడానికి చిన్నదిగా అనిపిస్తుంది. కానీ బోర్డు అంచుకు చేరడానికి ఆరు టర్న్‌లు పడితే, బతికి బయటపడే అవకాశం నూటికి 33 మాత్రమే. పన్నెండు టర్న్‌లైతే 11. అంటే మీ రూల్‌లో విమానాన్ని తీసేయకపోయినా, నిదానంగా తీసేస్తున్నట్టే. పిల్లవాడు ఆరు టర్న్‌ల పాటు భయపడి, చివరికి మూడింట రెండుసార్లు ఓడిపోతాడు.

రెండు పాచికలు వేసి 2 గానీ 3 గానీ పడితే పోయినట్టు పెట్టుకోండి. 36లో 3, అంటే పన్నెండింట ఒక వంతు. అప్పుడు ఆరు టర్న్‌లకు 59 శాతం, పన్నెండు టర్న్‌లకు 35 శాతం. ఆరు టర్న్‌ల దూరంలో ఉన్నవాడు "వెళ్దాం" అంటాడు, పన్నెండు టర్న్‌ల దూరంలో ఉన్నవాడు "దూకేద్దామా" అని ఆలోచిస్తాడు. దూరాన్ని బట్టి ఆలోచన మారాలి. ఒక పాచిక పద్ధతిలో ఎంత దగ్గరున్నా టెన్షనే తప్ప ఆలోచించడానికి ఏమీ మిగలదు.

పాత_ఫిట్టర్
సోమవారం, మధ్యాహ్నం 2:10

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. మీ చర్చ మనవరాలు చూపించింది. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న అసలైన ప్రశ్న. హ్యాంగర్‌లోకి విమానం వచ్చిందంటే మేం మొదట అడిగేదీ అదే. ఏమైంది?

పాచిక వేసి కూలిపోయింది అనడంలో ఏం జరిగిందో లేదు. నిజంగా విమానానికి అయ్యేవి వేరు వేరుగా ఉంటాయి.

ఇంజన్ ఆగిపోవచ్చు. ఇంజన్ ఆగిన విమానం రాయిలా పడదు. ముక్కు కాస్త కిందికి వంచి వేగం నిలబెట్టుకుంటే జారుతూ వెళ్తుంది. ఎత్తు ఉన్నంత సేపు దూరం ఉంటుంది. ఎత్తే దాని పెట్రోలు. మలుపు తిప్పితే ఆ ఎత్తు ఇంకా తొందరగా ఖర్చవుతుంది. ముక్కు పైకి లేపితే స్టాల్ అయి, అంటే రెక్కలకు గాలి పట్టు తప్పి, పడిపోతుంది.

ఆయిలో ఇంధనమో కారవచ్చు. ఇది మోసపు దెబ్బ. కాసేపు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో నీటితో చల్లబడే ఇంజన్లుండేవి, స్పిట్‌ఫైర్‌లో మెర్లిన్ లాంటివి. రేడియేటర్‌కు ఒక్క గుండు తగిలి ఆ ద్రవం కారిపోతే కొన్ని నిమిషాల్లో ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది. గాలితో చల్లబడే రేడియల్ ఇంజన్లు ఇంకా మొండివి. థండర్‌బోల్ట్‌లో 18 సిలిండర్ల ఇంజన్ ఉండేది, సిలిండర్లు దెబ్బతిన్నా తిరుగుతూ ఇల్లు చేరినవి ఉన్నాయి. కాబట్టి అదే దెబ్బకు ఏ విమానం అన్నదాన్ని బట్టి ఫలితం మారాలి.

కంట్రోల్స్ పోవచ్చు. ఇది అన్నిటికన్నా భయంకరం, ఎందుకంటే ఇంజన్ బాగుంటుంది, ఎత్తు ఉంటుంది, మాట మాత్రం వినదు. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీదికి ఆరు సేబర్లు వచ్చినప్పుడు ఒక్క గ్నాట్‌తో వాటితో తలపడ్డారు. దెబ్బ తగిలాక వెనక్కి రమ్మన్నారు. కాసేపు రెక్కలు సమంగా పెట్టుకుని నేరుగానే ఎగిరారు, ఆ తర్వాత విమానం తలకిందులై నేలకు దూసుకుపోయింది. కంట్రోల్స్ పోయి ఉంటాయని అనుకుంటారు. పైలట్ తల మీదుండే అద్దాల మూత (కెనోపీ) ఎగిరిపోవడం చూసినవాళ్లున్నారు, అంటే చివరి క్షణంలో దూకాలని చూశారు. పరమవీర చక్ర అందుకున్న ఒకే ఒక్క ఎయిర్‌ఫోర్స్ మనిషి ఆయన. "కాసేపు నేరుగా ఎగిరారు" అన్న మాట నన్ను ఎప్పుడూ వదలదు. ఆ కాసేపు మీ ఆటలో ఒకటి రెండు టర్న్‌లు. ఆ టర్న్‌లను తీసేయకండి.

ఇంకా మంట, పైలట్‌కు గాయం. వాటి గురించి తర్వాత రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

ఆదోని_అబ్బాయి
సోమవారం, సాయంత్రం 5:55

సార్, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అయితే కొట్టిన తుపాకీని బట్టి కూడా దెబ్బ మారాలి కదా? గ్నాట్‌కు రెండు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు, సేబర్‌కు ఆరు 12.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్‌లు. మా రూమ్‌లో రెండింటికీ ఒకే టేబుల్ వాడుతున్నాం.

పాత_ఫిట్టర్
సోమవారం, రాత్రి 8:20

మారాలి బాబూ. 30 మిల్లీమీటర్ల గుండు తగిలి పేలుతుంది. కొన్ని తగిలితే చాలు, రెక్కో తోకో పోతుంది. సేబర్ గుళ్లు ఎక్కువ తగులుతాయి, ఒక్కోటి చిన్న రంధ్రం. అవి పైపులు, ట్యాంకులు, వైర్లు వెతుక్కుంటూ పోతాయి. అంటే సేబర్ కొడితే కారడం ఎక్కువ, గ్నాట్ కొడితే విరగడం ఎక్కువ. ఇంతకన్నా లోతుకు మీ ఆటకు అక్కర్లేదు.

ప్రొద్దుటూరు_పాచిక
సోమవారం, రాత్రి 9:02

సార్ చెప్పినవన్నీ విలువైన మాటలు, కాదనను. కానీ ఐదు రకాల దెబ్బలు, ఒక్కోదానికి ఒక్కో రూల్, విమానాన్ని బట్టి మళ్లీ మార్పు అంటే మనం ఆడేది ఆటా, రిపేరు షెడ్డా? పెన్నా అక్క చెప్పినట్టు పిల్లలు రెండో టర్న్‌కే వదిలేస్తారు. అన్నీ పెట్టాలంటే ఎలాగో ఎవరైనా చెప్పండి. దారి ఉంటే నేనూ ఆడి చూస్తాను.

పెన్నా_గట్టు
సోమవారం, రాత్రి 9:45

చీటీలు! ఇంతసేపూ నాకు ఎందుకు తట్టలేదో. ఒక చెంబులో పది చీటీలు వేద్దాం. విమానానికి ఆరు గళ్లు నిండగానే ఆ విమానం ఆడేవాళ్లు ఒక చీటీ తీస్తారు. దాని మీద ఏం రాసుంటే అదే దెబ్బ. రూల్ అంతా ఆ చీటీ మీదే రెండు లైన్లలో ఉంటుంది. ఎవరికీ ఏదీ గుర్తుపెట్టుకునే పని లేదు. దెబ్బతిన్నవాళ్లు మాత్రమే తమ చీటీ చదువుకుంటారు.

ఏడురోడ్లు_కడప
మంగళవారం, ఉదయం 6:10

అమ్మా, మీ చీటీకి నేను ఒక్క మాట కలుపుతాను. చీటీ తీసినవాళ్లు దాన్ని ఎదుటివాళ్లకు చూపించకూడదు.

ఎదుటివాళ్లకు కనిపించేది దూది పొగ ఒక్కటే. లోపల ఇంజన్ ఆగిందో, ఆయిలు కారుతోందో, అసలు ఏమీ కాలేదో తెలియదు. నిజంగానూ అంతే కదా. అబ్రహాం వాల్డ్ అనే గణితవేత్త 1943లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, తిరిగొచ్చిన బాంబర్ల మీద గుళ్ల రంధ్రాల లెక్కలు పరిశీలించాడు. ఎక్కువ రంధ్రాలున్న చోట రేకు మందం చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన ఆలోచన తిరగేసి సాగింది. రంధ్రాలతో ఇవి తిరిగొచ్చాయంటే ఆ చోట తగిలినా బతకొచ్చు. తిరిగొచ్చినవాటిలో ఎక్కడ రంధ్రాలు తక్కువగా కనిపిస్తున్నాయో అక్కడ తగిలినవే తిరిగి రాలేదు. బయటికి కనిపించే గాయానికీ, ప్రాణం తీసే గాయానికీ సంబంధం లేకపోవచ్చు.

అందుకే పదింట ఒక చీటీ మీద "పైపైనే తగిలింది, పొగ మాత్రమే" అని రాయండి. ఆ చీటీ ఉందని అందరికీ తెలుసు, ఎవరి దగ్గరుందో తెలియదు. అప్పుడు వెంటపడేవాడికి కూడా ఆలోచన పుడుతుంది.

బోయ్రాలోనే చూడండి. మనవాళ్లు మూడు సేబర్లు కూల్చామని లెక్క వేశారు. రెండింటి పైలట్లు పారాచూట్‌తో దిగి మనకు దొరికారు. మూడోది బాగా దెబ్బతిని కూడా అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా దగ్గరి తేజ్‌గావ్ స్థావరం చేరుకుంది. పోరు జరుగుతున్నప్పుడు ఆకాశంలో ఉన్నవాళ్లకు అది పోయినట్టే కనిపించింది. మన ఆటలో ఆ మూడో సేబర్‌కు చోటే లేకుండా చేశాం. ఆరు గళ్లు నిండాయని తీసి పక్కన పెట్టేశాం.

బురుజు_కర్నూలు
మంగళవారం, ఉదయం 7:25

మాస్టారూ, ఆ మూడో సేబర్ సంగతి చదవగానే లేచి వెళ్లి ఫ్లెక్స్ పరిచి చూశాను. మొన్న వాడి చేతిలో ఉన్నది సరిగ్గా అదే. ఈ ఆదివారం చీటీలతో ఆడతాం. పది చీటీలు ఎలా పంచాలో మీరంతా ఒక మాట అనుకుంటే నేను రాసి కత్తిరిస్తాను.

పాత_ఫిట్టర్
మంగళవారం, మధ్యాహ్నం 3:30

నా పంపకం ఇది. కారడం మూడు, ఇంజన్ ఆగడం రెండు, కంట్రోల్స్ రెండు, పైలట్ గాయం ఒకటి, మంట ఒకటి, మాస్టారి ఉత్త పొగ ఒకటి.

కారడానికి మాస్టారి రెండు పాచికల లెక్క వాడండి. 2 గానీ 3 గానీ పడితే కూలడం కాదు, ఇంజన్ ఆగుతుంది, అక్కడి నుంచి జారడమే. జారడానికి ప్రతి మూడు గళ్లకు ఒక ఎత్తు తీసేయండి, ఒక్కో మలుపుకు ఇంకో ఎత్తు. ఐదో ఎత్తులో ఉంటే నేరుగా పదిహేను గళ్లు. ఒక మలుపు తిప్పితే పన్నెండే. కంట్రోల్స్ పోతే ఒక వైపుకే తిరుగుతుంది, ఏ వైపో చీటీ తీసినప్పుడే పాచిక చెప్తుంది. పైలట్‌కు గాయమైతే గట్టి మలుపులు లేవు, గురి తగ్గుతుంది. మంటను దాచలేరు. ఆ ఒక్క చీటీ అందరికీ చూపించి ఎర్ర పూస పెట్టండి, ప్రతి టర్న్ దూకాలా ఉండాలా అని తేల్చుకోవాలి.

దూకడం గురించి. మొదటి ఎత్తులో ఉంటే పాచిక వేయండి. అప్పటి ఎజెక్షన్ సీట్లు నేలకు దగ్గర్లో, అందులోనూ విమానం కిందికి దూసుకుపోతుంటే, మనిషిని కాపాడటం కష్టం. పైన ఉండగా దూకితే క్షేమం. కాబట్టి "ఇంకొంచెం దూరం లాగుదాం" అనుకున్న ప్రతి టర్న్ పైలట్ ప్రాణంతో పందెం. అది ఆడేవాళ్లకు తెలియాలి.

పెన్నా_గట్టు
మంగళవారం, సాయంత్రం 6:15

పారాచూట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మా పిల్లల్లో ఒకడు దూకిన పైలట్‌ను కూడా కాల్చొచ్చా, పాయింట్లు వస్తాయా అని అడిగాడు. వద్దని గట్టిగా చెప్పాను. ప్రమాదంలో ఉన్న విమానం నుంచి పారాచూట్‌తో దిగుతున్న మనిషి మీద దాడి చేయకూడదని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్‌లో 42వ అధికరణ ఉంది. పిల్లలతో యుద్ధం ఆట ఆడిస్తున్నప్పుడు ఈ ఒక్క విషయం నేర్పకుండా వదలకండి. మా బోర్డు మీద పారాచూట్ గుర్తు పెట్టగానే ఆ గడి ఎవరూ ముట్టుకోరు.

ప్రొద్దుటూరు_పాచిక
మంగళవారం, రాత్రి 9:30

చీటీల పద్ధతి నాకు నచ్చింది. ఒప్పుకుంటున్నాను. కానీ నేను మొదట చెప్పిన గుద్దించే సమస్య ఇంకా అలాగే ఉంది. దెబ్బతిన్న విమానం తప్పనిసరిగా ఇంటివైపే పోవాలి, కాల్చకూడదు అని రూల్ పెడదామా?

పాత_ఫిట్టర్
బుధవారం, ఉదయం 10:40

పెట్టకండి నాయనా. ఆ రూల్ పెడితే స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ దేవయ్యకు మీ బోర్డు మీద చోటుండదు. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్ వైమానిక స్థావరం సర్గోధా మీద దాడికి వెళ్లిన మన మిస్టేర్ విమానాల్లో ఆయనది ఒకటి. పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానం ఒకటి ఆయన విమానాన్ని కొట్టింది. ధ్వనికి రెట్టింపు వేగం అందుకోగల విమానం అది, మిస్టేర్ దాని ముందు ఏపాటిది? అయినా దెబ్బతిన్న విమానంతోనే తిరగబడి ఆ స్టార్‌ఫైటర్‌ను కూల్చారు. దాని పైలట్ దూకి బతికాడు, దేవయ్య తిరిగి రాలేదు. చూసి చెప్పడానికి మనవాళ్లు ఎవరూ దగ్గర లేరు. ఆయన చేసిన పని మన దేశానికి చాలా ఏళ్ల తర్వాతే తెలిసింది, మహావీర చక్ర 1988లో ఇచ్చారు.

నిషేధించకుండా ఖరీదు పెట్టండి. దెబ్బతిన్న విమానం కాల్చినా, గట్టి మలుపు తిప్పినా ఆ టర్న్‌లో అదనంగా ఇంకోసారి పాచికలు వేయాలి. గుద్దించడానికి మందు పాయింట్లలో ఉంది. విమానానికి 4, పైలట్‌కు 6 పెట్టండి. పైలట్ ప్రాణాలతో ఇల్లు చేరితేనో, తనవాళ్ల నేల మీద దిగితేనో ఆ 6 మిగులుతాయి. అప్పుడు ఎవరూ "ఎలాగూ పోయేదే" అనరు. పోయేది రేకు, లోపల మనిషి ఉన్నాడు.

ఆదోని_అబ్బాయి
బుధవారం, సాయంత్రం 4:20

జోడీ విమానం సాయం చేయొచ్చా సార్? 1967 మార్చి 10న వియత్నాంలో బాబ్ పార్డో అనే అమెరికన్ పైలట్, ఇంధనం కారిపోయిన తోటి ఫాంటమ్ యుద్ధ విమానాన్ని వెనక నుంచి తన విమానంతో తోసి లావోస్ దాకా చేర్చాడు. ఆ విమానం తోక కొక్కేన్ని తన ముందు అద్దానికి ఆనించి తోశాడు. చివరికి నలుగురూ దూకి బతికారు. దీనికి ఒక రూల్ పెట్టాలని ఉంది.

పాత_ఫిట్టర్
బుధవారం, సాయంత్రం 6:00

అది ఒక్కరు ఒక్కసారి చేసిన సాహసం బాబూ, రూల్ చేస్తే ప్రతి ఆటలో ఎవరో ఒకరు ఎవరినో తోస్తుంటారు. ఊరికే పక్కన ఎగరడానికి మాత్రం విలువ ఇవ్వండి. బాగున్న విమానం పక్క గడిలో ఉంటే, వెంటపడేవాళ్ల గురికి ఒకటి తగ్గించండి.

బురుజు_కర్నూలు
ఆదివారం, రాత్రి 8:50

ఆడాం. ఇప్పుడే అందరూ వెళ్లారు. వివరంగా రాస్తాను.

మళ్లీ బోయ్రా, మళ్లీ నాలుగు గ్నాట్లు, మూడు సేబర్లు. తూర్పు అంచు ఢాకా వైపు, పడమటి అంచు గ్నాట్లు లేచొచ్చిన కలకత్తా డమ్‌డమ్ వైపు. మా వాడికి మళ్లీ సేబరే కావాలన్నాడు. మూడో టర్న్‌లో మళ్లీ నేనే కొట్టాను. ఆరు గళ్లు నిండాయి. ఈసారి విమానం తీయలేదు, చెంబు ముందుకు జరిపాను. చీటీ తీసి చదువుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు. దూది చుట్టాం. వాడి ముఖంలో ఏమీ దొరకలేదు నాకు.

విమానం పడమటికి తిరిగి ఉంది, అంటే ఇంటికి వీపు పెట్టి. వెనక్కి తిరగడానికే మూడు టర్న్‌లు పట్టాయి. ప్రతి టర్న్ మొదట్లో రెండు పాచికలు వేశాడు. అంటే కారడమని తెలిసిపోతుంది కదా అని మాస్టారు అనుకోవచ్చు. మేం అక్కడే ఒక మార్పు చేశాం. మంట తప్ప ఏ చీటీ తీసినా ప్రతి టర్న్ పాచికలు వేయాల్సిందే, చెంబు వెనక వేసి తనే చూసుకోవాలి. అవసరం లేనివాళ్లు ఊరికే వేస్తారు. చీటీ తీసినప్పుడు కూడా అలాగే ఒకసారి వేస్తారు. ఆట అయ్యాక చీటీ అందరూ చూస్తారు కాబట్టి ఎవరూ తప్పు చేయరు.

నేను నా గ్నాట్‌ను రెండు టర్న్‌లు వాడి వెంట పంపాను. పాయింట్లు ఊరించాయి. ఈలోపు నా జోడీ గ్నాట్ ఒంటరి అయింది, ఇంకో సేబర్ దాని వెనక చేరి కొట్టింది. పెన్నా అక్క చెప్పిన మేక జరగడం అంటే ఇదేనని అప్పుడు అర్థమైంది. వాణ్ని వదిలేసి వెనక్కి తిరిగాను. పోయినట్టే అనుకుని "కూల్చాం" అని నా కాగితం మీద రాసుకున్నాను.

ఆరోసారి పాచికలు చూసుకుని వాడు కాసేపు కదల్లేదు. అంచుకు ఐదు గళ్లు, తను రెండో ఎత్తు. వేళ్లతో లెక్కపెట్టాడు. రెండు ఎత్తులకు ఆరు గళ్లు. దూకడానికి అదే ఆఖరి అవకాశం, మొదటి ఎత్తుకు దిగితే సీటుకు పాచిక వేయాలి. "దూకను, జారతా" అన్నాడు. గదిలో ఎవరి టర్న్ వాళ్లు మరిచిపోయి అదే చూశాం. మూడు గళ్లు, ఒక నట్టు తీశాడు. ఇంకో రెండు గళ్లు, అంచు దాటింది. ఒక్క గడి మిగిలింది.

చీటీ బల్ల మీద పెట్టాడు. "ఆయిలు కారుతోంది, ఇంజన్ ఆగిపోయింది మామా. అదీ అయింది" అన్నాడు. నేను కాగితం మీద "కూల్చాం" కొట్టేశాను.

టైమ్ సంగతి ప్రొద్దుటూరు తమ్ముడి కోసం. మొత్తం ఆటలో మూడు విమానాలు దెబ్బతిన్నాయి, అన్నీ కలిపి పాతికే నిమిషాలు ఎక్కువ పట్టింది.

ప్రొద్దుటూరు_పాచిక
ఆదివారం, రాత్రి 9:25

ఏడు విమానాలకు పాతిక నిమిషాలంటే నాకు సమ్మతమే. మేం ఆరు, ఎనిమిది విమానాలకు చీటీలు వాడతాం. పన్నెండు ఉన్న రోజు మాత్రం తీసేసే పద్ధతే ఉంచుకుంటాను, అక్కడ నా మాట మీద నేనున్నాను. పైలట్‌కు 6 పాయింట్లు మాత్రం అన్ని ఆటల్లో పెడతాను. బాబుకు నా అభినందనలు చెప్పండి.

ఏడురోడ్లు_కడప
సోమవారం, ఉదయం 6:05

చెంబు వెనక పాచికలు చాలా మంచి మార్పు. ఒక్క సవరణ. తప్పుగా "కూల్చాం" అని రాసినవాళ్లకు పాయింట్లు తగ్గించకండి. పోరులో ఉన్నవాళ్లు నమ్మి రాసిన లెక్క అది, అబద్ధం కాదు. ఆట అయ్యాక రెండు లెక్కలూ పక్కపక్కన చదివితే చాలు.

బురుజు_కర్నూలు
సోమవారం, రాత్రి 9:15

అలాగే చేస్తాం మాస్టారూ. ఫిట్టర్ సార్, మావాడు మీకో ప్రశ్న పంపాడు. వచ్చే ఆదివారం దేవయ్య గారి పోరు పెట్టాలట, మిస్టేర్ తనకే కావాలట. మొదటి నుంచే దెబ్బతిని ఉండాలా, ఆట మధ్యలో తగలాలా అని అడుగుతున్నాడు.

పాత_ఫిట్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:50

మొదటి నుంచే. ఆరు గళ్లు నింపి, చీటీ తీయించి, స్టార్‌ఫైటర్‌ను ఎదురుగా పెట్టండి. స్టార్‌ఫైటర్ మీరు ఆడండి. ఇంటివైపు దారి తెరిచే ఉంచండి, వాడు ఏ వైపు తిరుగుతాడో వాడికే వదిలేయండి.